గ్రాఫిక్ డిజైనర్ కావాలంటే: ఏం చదవాలి, ఎక్కడ చదవాలి, పని ఎక్కడ దొరుకుతుంది

హైదరాబాద్ పాతబస్తీలో ఛత్తా బజార్ అంటే పెళ్లి కార్డులు, ప్రింటింగ్ ప్రెస్సులు. ఒకప్పుడు షాదీ రుఖా రాయించాలన్నా, జల్సా పోస్టర్ వేయించాలన్నా ముందు కాతిబ్ దగ్గరికి వెళ్లాల్సిందే. ఆయన కలంతో నస్తాలీఖ్‌లో రాసిచ్చిన కాగితమే ప్రెస్సుకు వెళ్లేది. 1981లో నూరీ నస్తాలీఖ్ వచ్చి ఉర్దూ పత్రిక కంప్యూటర్ మీద తయారుకావడం మొదలైంది. 1994లో ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేర్ వచ్చాక చిన్న ప్రెస్సుల్లో కూడా కలం స్థానంలో కీబోర్డు చేరింది. కాతిబుల్లో చాలామందికి పని పోయింది.

ఇప్పుడు కీబోర్డు వంతు వచ్చింది. కాన్వా లాంటి వాటిలో రెడీమేడ్ డిజైన్లు దొరుకుతున్నాయి. ఏఐకి రెండు ముక్కలు చెబితే బొమ్మ వేసి ఇస్తోంది. పుట్టినరోజు పోస్టర్, పండుగ శుభాకాంక్షల బ్యానర్ ఎవరి ఫోన్‌లో వాళ్లే చేసుకుంటున్నారు. మరి ఇలాంటి సమయంలో పిల్లల్ని ఈ లైన్‌లోకి పంపొచ్చా అని తల్లిదండ్రులు అడగడంలో తప్పేం లేదు. పంపొచ్చు. కాకపోతే మూడు నెలల డీటీపీ కోర్సు చేయించి ‘డిజైనర్ అయిపోయాడు’ అనుకుంటేనే ఇబ్బంది. ముందుగా పోతున్నది ఆ మూడు నెలల కోర్సుతో వచ్చే పనే.

ఆపరేటర్ వేరు, డిజైనర్ వేరు

ఒక పళ్ల డాక్టర్ తన క్లినిక్‌కు బోర్డు కావాలని వచ్చారనుకుందాం. పేరు, డిగ్రీలు, టైమింగ్స్, ఫోన్ నంబర్, అందించే చికిత్సలు అన్నీ ఒక కాగితం మీద రాసి ఇస్తారు. ఆపరేటర్ అయితే ఇచ్చిందంతా టైపు చేసి, ఇంటర్నెట్ నుంచి ఒక పన్ను బొమ్మ తెచ్చి, మిగిలిన ఖాళీలో ఎరుపు, పసుపు నింపి ఫ్లెక్స్‌కు పంపిస్తాడు. అరగంట పని.

డిజైనర్ ముందు ప్రశ్నలు వేస్తాడు. బోర్డు ఎంత ఎత్తులో ఉంటుంది? ఎదురుగా ఎంత వెడల్పు రోడ్డు? చూసేవాళ్లు నడిచి వెళ్తారా, బైకు మీద వెళ్తారా? ఆ గల్లీలో ఎక్కువమంది ఏ భాష చదువుతారు? బైకు మీద వెళ్లేవాడికి దొరికేది రెండు మూడు సెకన్లు. ఆ సమయంలో పదమూడు చికిత్సల జాబితా ఎవరూ చదవరు. ‘పళ్ల డాక్టర్’ అన్న మాట, పేరు, దారి చూపే బాణం కనపడితే చాలు. డిగ్రీలు, టైమింగ్స్ తలుపు దగ్గర చిన్న బోర్డు మీద పెట్టొచ్చు. ఇలా ఏది ఉంచాలి, ఏది తీసేయాలి, ఏది ముందు కనపడాలి అని తేల్చడమే డిజైన్. ఫొటోషాప్, కోరెల్‌డ్రా ఆ నిర్ణయాన్ని అమలుచేసే పనిముట్లు మాత్రమే.

బాగా ఎరిగిన గుర్తులు చూసినా ఇది తెలుస్తుంది. స్టేట్ బ్యాంక్ గుర్తు 1971 నాటిది. ఎన్‌ఐడీకి చెందిన శేఖర్ కామత్ చేశారు. ఒక నీలి వృత్తం, దాంట్లో తాళం రంధ్రం లాంటి గీత, అంతే. 2010లో ఆమోదం పొందిన రూపాయి చిహ్నం ఐఐటీ బాంబేలో డిజైన్ చదివిన ఉదయ కుమార్‌ది. దేవనాగరి ‘ర’, రోమన్ ‘ఆర్’ రెండూ ఒకే అక్షరంలో కనిపిస్తాయి. ఈ రెండూ గీయడానికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ ఏమీ అక్కర్లేదు. ఆలోచన రావడానికే చదువు కావాలి.

పదో తరగతి తర్వాత, ఇంటర్ తర్వాత, డిగ్రీ తర్వాత

ఈ రంగంలోకి ఏ వయసులోనైనా రావొచ్చు. ఇంట్లో ఎంత ఖర్చు పెట్టగలరు, ఎన్నేళ్లు ఆగగలరు అన్నదాన్ని బట్టి దారి మారుతుంది.

పదో తరగతితోనే సంపాదన మొదలుపెట్టాల్సిన పిల్లలకు ఐటీఐలో ‘డెస్క్‌టాప్ పబ్లిషింగ్ ఆపరేటర్’ ట్రేడ్ ఉంది. ఏడాది కోర్సు. జంట నగరాల్లో సెట్విన్ కేంద్రాలు తక్కువ ఫీజుతో కంప్యూటర్ కోర్సులు నేర్పుతున్నాయి. ఉర్దూ వచ్చినవాళ్ల కోసం జాతీయ ఉర్దూ భాషాభివృద్ధి మండలి దేశంలోని చాలా ఊళ్లలో కేంద్రాలు నడిపిస్తోంది. వాటిలో కంప్యూటర్ అప్లికేషన్లు, అకౌంటింగ్, బహుభాషా డీటీపీ కలిపిన ఏడాది డిప్లొమా ఒకటి. ఖుష్‌నవీసీ, గ్రాఫిక్ డిజైన్ కలిపి నేర్పే కోర్సు మరొకటి. ఈ రెండోదాన్ని చాలామంది పట్టించుకోరు, కానీ పట్టించుకోవాల్సిందే. కలంతో అక్షరం రాసిన చెయ్యి కంప్యూటర్ మీద అక్షరాన్ని వేరేగా చూస్తుంది.

ఇంటర్ అయినవాళ్లకు పెద్ద దారులు తెరుచుకుంటాయి. హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో బీఎఫ్‌ఏ అప్లైడ్ ఆర్ట్ నాలుగేళ్ల కోర్సు. ప్రవేశానికి సొంత పరీక్ష ఉంది. అందులో జ్ఞాపకంతో బొమ్మ గీయమంటారు, రంగులు వేయమంటారు. ఎంపీసీ, సీఈసీ అన్న తేడా ఇక్కడ పెద్దగా అడ్డురాదు, బొమ్మ వేయడం రావాలి. ప్రభుత్వ విశ్వవిద్యాలయం కాబట్టి ప్రైవేటు డిజైన్ కాలేజీలతో పోలిస్తే ఖర్చు తక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో కడపలోని ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో కూడా బీఎఫ్‌ఏ కోర్సులు ఉన్నాయి.

జాతీయ స్థాయిలో మూడు పరీక్షల పేర్లు గుర్తుంచుకోవాలి. ఐఐటీ బాంబే నిర్వహించే యూసీడ్ రాస్తే సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్‌తో సహా పలు ఐఐటీల్లో బీడిజైన్ సీటుకు పోటీ పడొచ్చు. జేఈఈ అక్కర్లేదు. ఐఐటీ అంటే ఎంపీసీ వాళ్లదే అనుకుని సీఈసీ, హెచ్‌ఈసీ పిల్లలు దీని వైపు చూడనే చూడరు. యూసీడ్ పరీక్షను ఏ గ్రూపు వాళ్లయినా రాయొచ్చు. సీటు దగ్గర ఏ సంస్థ ఏ గ్రూపును తీసుకుంటుందో మాత్రం బ్రోచర్‌లో చూసుకోవాలి. రెండోది ఎన్‌ఐడీ వాళ్ల డాట్. అమరావతి ప్రాంతంలో ఎన్‌ఐడీ ఆంధ్రప్రదేశ్ క్యాంపస్ ఉంది, అక్కడ కమ్యూనికేషన్ డిజైన్ చదవొచ్చు. మూడోది నిఫ్ట్ ప్రవేశ పరీక్ష. మాదాపూర్‌లోని నిఫ్ట్‌లో కుట్టుపని నేర్పుతారని కొందరి భ్రమ. ఫ్యాషన్ కమ్యూనికేషన్ అనే కోర్సులో గ్రాఫిక్స్, ఫొటోగ్రఫీ, స్టోర్ డిస్‌ప్లే లాంటివి ఉంటాయి. నిఫ్ట్ ఫీజు మాత్రం లక్షల్లో ఉంటుంది, ముందే తెలుసుకుని దిగాలి.

డిగ్రీ అయిపోయినవాళ్లకు కూడా ఆలస్యమేం కాలేదు. ఎండిజైన్ ప్రవేశానికి రాసే సీడ్ పరీక్షకు ఇంటర్ తర్వాత కనీసం మూడేళ్ల డిగ్రీ లేదా డిప్లొమా ఉంటే చాలు, వయసు పరిమితి లేదు. అంటే బీకాం చదివినవారూ రాయొచ్చు. తెలుగు అక్షరానికి కొత్త రూపం ఇచ్చిన బాపు చదివింది న్యాయశాస్త్రం. బీకాం వాళ్లకు ఇంకో లాభం ఉంది. డిజైన్ వచ్చి బిల్లు రాయడం రానివాళ్లు ఈ రంగంలో చాలామంది, ఆ సంగతి కింద చూద్దాం.

ప్రైవేటు ఇన్‌స్టిట్యూట్ల దగ్గర కొంచెం జాగ్రత్త అవసరం. ‘నూరు శాతం ప్లేస్‌మెంట్’ అని బోర్డు పెట్టినచోట ముందు అడగాల్సిన ప్రశ్న, ఇచ్చేది యూనివర్సిటీ డిగ్రీయా, వాళ్ల సొంత సర్టిఫికెటా అని. సొంత సర్టిఫికెట్ పనికిరాదని కాదు, కానీ దాని కోసం నాలుగేళ్ల డిగ్రీ ఫీజు కట్టడం, ఇంట్లో బంగారం తాకట్టు పెట్టడం దండగ. పోయినేడు చదివిన విద్యార్థుల పనులు చూపించమనాలి. అందరి పనులూ ఒకేలా ఉంటే, అక్కడ సాఫ్ట్‌వేర్ బటన్లు నేర్పుతున్నారు తప్ప డిజైన్ నేర్పడం లేదని అర్థం.

ఫీజుల విషయంలో మైనారిటీ విద్యార్థులు తెలంగాణలో ఈపాస్ ద్వారా పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్, ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. చేరబోయే కోర్సు ఆ పథకం కిందికి వస్తుందో లేదో అడ్మిషన్‌కు ముందే కాలేజీ ఆఫీసులో అడగాలి. ఆదాయ ధ్రువపత్రం, బీసీ-ఈ సర్టిఫికెట్ కౌన్సెలింగ్ రోజున వెతుక్కుంటే దొరకవు.

మూడు లిపుల బలం

హైదరాబాద్, నిజామాబాద్, కర్నూలు, గుంటూరు లాంటి చోట్ల ముస్లిం ఇళ్లలో పిల్లలకు ఉర్దూ ఇంట్లో, తెలుగు వీధిలో, ఇంగ్లిష్ బడిలో వస్తాయి. ఆ పిల్లలు దీన్నొక అర్హతగా లెక్కపెట్టరు, బయోడేటాలో ‘తెలిసిన భాషలు’ అని చివరి లైన్‌లో రాసి వదిలేస్తారు. డిజైన్‌లో మాత్రం ఇది మొదటి లైన్‌లో ఉండాల్సిన సంగతి.

ఎందుకంటే ఈ మూడు లిపులూ ఒక కాగితం మీద కుదురుగా కూర్చోవు. ఇంగ్లిష్ అక్షరాలు ఒకే గీత మీద నిలబడతాయి. తెలుగులో గుడి, ఏత్వం పైకి పోతాయి, వత్తులు కిందికి దిగుతాయి. ఇంగ్లిష్‌కు సరిపోయిన లైన్ల మధ్య దూరమే తెలుగుకు ఇస్తే పై లైను వత్తు కింది లైను గుడిని తగులుతుంది. నస్తాలీఖ్ అసలు గీత మీదే ఉండదు, మాట కుడి పైనుంచి ఎడమ కిందికి జారుతుంది. దానికి ఇంకా ఎక్కువ చోటు కావాలి. ఒకే సైజు నంబర్ పెట్టినా ఒక లిపి పెద్దగా, ఇంకోటి చిన్నగా కనపడుతుంది. కాబట్టి నంబర్లు చూసి కాదు, కంటితో చూసి సమం చేయాలి.

షాదీ కార్డు తీసుకోండి. ఉర్దూ పేజీ కుడి నుంచి తెరుచుకోవాలి, ఇంగ్లిష్ పేజీ ఎడమ నుంచి. రెండూ ఒకే కార్డులో ఉంటే మడత ఎక్కడ పెట్టాలి, మొదటి పేజీ ఏది? నికా, వలీమా తేదీలు రెండు వైపులా ఒకేలా ఉన్నాయా? చదవడం వచ్చిన డిజైనర్ దీన్ని ప్రూఫ్ దగ్గరే పట్టుకుంటాడు. చదవడం రానివాడు అక్షరాల్ని బొమ్మల్లా అతికిస్తాడు. ఉర్దూ అక్షరాలు ఒకదానికొకటి కలవకుండా విడివిడిగా, తలకిందుల వరసలో పడి ఉన్న బోర్డులు చూడని హైదరాబాదీ ఉండడు. పాత ఫొటోషాప్ వెర్షన్లలో మధ్యప్రాచ్య, దక్షిణాసియా లిపుల సెట్టింగ్ ఆన్ చేయకపోతే జరిగేది అదే. తెలుగులోనూ వత్తులు పక్కకు వచ్చి కూర్చుంటాయి.

తెలంగాణలో 2017 నుంచి ఉర్దూ రాష్ట్రమంతటా రెండో అధికార భాష. ఆంధ్రప్రదేశ్‌లోనూ 2022లో శాసనసభ అలాంటి చట్టాన్నే ఆమోదించింది. ఆఫీసు బోర్డులు, ప్రకటనలు, కరపత్రాలు సరిగ్గా వేయాలంటే రెండు లిపులూ చదవగలిగినవాళ్లు కావాలి. ఏఐ గీసే బొమ్మల్లో తెలుగు, ఉర్దూ అక్షరాలు చాలాసార్లు అక్షరాల్లాంటి వంకర గీతలుగానే వస్తున్నాయి. అది ఎల్లకాలం అలాగే ఉంటుందని కాదు. అక్షరం సరిగ్గా వచ్చాక కూడా మాట సరైందో కాదో చెప్పే మనిషి ఒకరు కావాలి.

గల్ఫ్ వెళ్లాలనుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. అక్కడ బోర్డులు, ప్యాకింగ్‌లు అరబీ, ఇంగ్లిష్ రెండిట్లో ఉంటాయి. ఉర్దూ చదివినవారికి, ఖురాన్ చదవడం వచ్చినవారికి అరబీ అక్షరాలు కొత్త కాదు. అది పనికొస్తుంది కూడా. కానీ అక్షరం రావడం వేరు, భాష రావడం వేరు. అక్కడ వాడేది ఎక్కువగా నస్ఖ్ తరహా అక్షరాలు, మన నస్తాలీఖ్ కాదు. ప్రూఫ్ అరబీ తెలిసినవారికి చూపించే అలవాటు లేకపోతే ఒక్క చుక్క తప్పుతో వేల డబ్బాలు మళ్లీ వేయాల్సి వస్తుంది.

ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలన్న ప్రశ్న ఇక్కడే వస్తుంది. మన ప్రెస్సుల్లో ఇప్పటికీ పేజ్‌మేకర్, అను ఫాంట్లు కనపడతాయి. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 7.0, వచ్చింది 2001లో. పాత అను ఫాంట్లలో టైపు చేసిన తెలుగు యూనికోడ్ కాదు, దాన్ని వెబ్‌సైట్‌లో అతికిస్తే పిచ్చి గీతలు వస్తాయి. ప్రెస్సులో ఉద్యోగం కోసం ఆ పాతవి కాస్త తెలిసి ఉండాలి, కానీ వాటితోనే ఆగిపోకూడదు. బొమ్మలకు ఫొటోషాప్, లోగోలకు ఇలస్ట్రేటర్ లేదా కోరెల్‌డ్రా, పుస్తకాలకు ఇన్‌డిజైన్, యాప్ స్క్రీన్లకు ఫిగ్మా. కొనలేనివారికి జింప్, ఇంక్‌స్కేప్, స్క్రైబస్ పూర్తిగా ఉచితం. తెలుగులో మండలి, రామభద్ర, ఎన్‌టీఆర్, ఉర్దూలో నోటో నస్తాలీఖ్, గుల్జార్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి, వ్యాపారానికి వాడినా అభ్యంతరం లేదు. క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్‌తో నేర్చుకోవడం మన దగ్గర మామూలైపోయింది. దాంతోనే వ్యాపారం చేస్తే మాత్రం ఏదో ఒకరోజు లీగల్ నోటీసు రావొచ్చు.

పోర్ట్‌ఫోలియో

ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ చివర్లో అడుగుతారు. ముందు అడిగేది ‘మీరు చేసిన పని చూపించండి’ అని. పది పన్నెండు పనులు చాలు, వంద అక్కర్లేదు. చూసేవారు బలహీనమైన పనిని బట్టే అంచనా వేస్తారు.

క్లయింట్లు లేనివాళ్లు ఏం చూపించాలి? గల్లీలో ఉన్న అత్తరు దుకాణం లేబుల్, హలీం హోటల్ మెనూ, మదర్సా ప్రవేశ ప్రకటన తీసుకుని కొత్తగా చేసి చూడొచ్చు. పాతది పక్కన పెట్టి, ఏం మార్చారో, ఎందుకు మార్చారో రెండు లైన్లు రాయాలి. పెన్సిల్‌తో వేసిన తొలి స్కెచ్‌లు కూడా పెట్టాలి. ఇది అభ్యాసం కోసం చేసినదని స్పష్టంగా రాయాలి. పెద్ద కంపెనీ లోగో మార్చి గీసి ఆ కంపెనీకి పనిచేసినట్టు చూపిస్తే ఇంటర్వ్యూ అక్కడితో అయిపోతుంది. టెంప్లేట్‌తో చేసినవి, ఏఐ గీసినవి సొంతవని పెట్టినా అంతే, రెండో ప్రశ్నకే దొరికిపోతారు. మూడు లిపుల్లో చేసిన పని కనీసం ఒకటి ఉంటే హైదరాబాద్‌లో అది వెంటనే కళ్లలో పడుతుంది.

ప్రింట్ పనికి వెళ్లేవారికి కొన్ని చేతి అలవాట్లు ఉండాలి. స్క్రీన్‌కు ఆర్‌జీబీ, ప్రెస్సుకు సీఎంవైకే. ఫొటో అచ్చు సైజులో 300 డీపీఐ. అంచుల చుట్టూ కోతకు 3 మిల్లీమీటర్లు వదలడం. ఫైలు పంపే ముందు అక్షరాల్ని కర్వ్స్‌గా మార్చడం, లేకపోతే ప్రెస్సు కంప్యూటర్‌లో ఫాంట్ లేక తెలుగు మొత్తం చెల్లాచెదురవుతుంది. ఇవి పుస్తకంలో చదివితే రావు. నెల రోజులు ఒక ప్రెస్సులో కూర్చుని కాగితం, ఇంకు, కటింగ్ మెషిన్ చూస్తే వస్తాయి.

పని ఎక్కడ

ఫ్లెక్స్ షాపులు, కార్డుల దుకాణాల్లో పని త్వరగా దొరుకుతుంది, జీతం అంతే త్వరగా ఆగిపోతుంది. అక్కడ ఏడాది, రెండేళ్లు నేర్చుకుని కదలాలి. పత్రికలు, టీవీ చానళ్లలో పేజీలు, గ్రాఫిక్స్ చేసే డెస్కులు ఉన్నాయి. సినిమా పోస్టర్లు, టైటిల్ అక్షరాలు వేసే పబ్లిసిటీ డిజైనర్లకు హైదరాబాద్‌లో ఎప్పుడూ పని ఉంటుంది, అయితే ఆ తలుపు పరిచయాలతోనే ఎక్కువగా తెరుచుకుంటుంది. ఐటీ కంపెనీల్లో యాప్ స్క్రీన్లు చేసే యూఐ, యూఎక్స్ ఉద్యోగాలకు జీతం మిగతావాటికన్నా బాగుంటుంది. పోటీ కూడా అక్కడే ఎక్కువ, ఇంగ్లిష్‌లో మాట్లాడి తన పనిని వివరించగలగాలి.

తక్కువమంది చూసే రంగం ప్యాకేజింగ్. పచ్చళ్లు, మసాలాలు, బిస్కెట్లు, మందులు అన్నిటికీ డబ్బా కావాలి. ఆహార ప్యాకెట్ మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్స్ నంబర్, నికర బరువు, ధర ఉండాలి. శాకాహారమైతే చతురస్రంలో ఆకుపచ్చ వృత్తం, మాంసాహారమైతే గోధుమరంగు త్రిభుజం. ఈ నియమాలు తెలిసిన డిజైనర్‌ను చిన్న ఫ్యాక్టరీ యజమాని వదులుకోడు, ఎందుకంటే లేబుల్ తప్పయితే ప్యాకింగ్ మొత్తం చెత్తబుట్టలోకే.

ఇంటి నుంచి పని చేయాలనుకునే ఆడపిల్లలకు ఈ వృత్తి బాగానే కలిసొస్తుంది. లాప్‌టాప్, ఇంటర్నెట్ ఉంటే వేరే ఊరి పని కూడా చేయొచ్చు. కాకపోతే ఇంట్లో కూర్చుని చేస్తున్నారు కదా అని బంధువులు, తెలిసినవాళ్లు ‘ఒక చిన్న డిజైన్’ ఉచితంగా అడుగుతారు. ఆ చిన్న డిజైన్‌కు కూడా ఒక ధర చెప్పడం మొదటి నెలలోనే అలవాటు చేసుకోవాలి.

ఫ్రీలాన్స్‌లో మునిగేది సాధారణంగా డిజైన్ రాక కాదు, లెక్క రాక. పని మొదలుపెట్టే ముందే వాట్సాప్‌లోనైనా సరే రాతలో ఉండాల్సినవి: ఎన్ని డిజైన్లు చూపిస్తారు, ఎన్నిసార్లు మార్పులు చేస్తారు, సగం డబ్బు ముందుగా, ఒరిజినల్ ఫైలు మొత్తం డబ్బు అందాకే. మార్పుల సంఖ్య రాయకపోతే ‘ఈ రంగు కొంచెం మార్చండి భాయ్’ అన్నది ఇరవైసార్లు వస్తుంది. హక్కుల సంగతీ తేల్చుకోవాలి. ఉద్యోగంలో భాగంగా చేసిన డిజైన్ 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, యజమానిదే. బయట చేసిన పనికి డబ్బు చెల్లించాక లోగో ఎవరిదో బిల్లు మీదే ఒక లైన్ రాస్తే తర్వాత గొడవ ఉండదు. సేవల ఆదాయం ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ కావాలి. కంపెనీలు టీడీఎస్ కోసి ఇస్తే ఆ డబ్బు పోయినట్టు కాదు, రిటర్ను వేసి లెక్కలో సర్దుకోవచ్చు. రిటర్ను వేయక దాన్ని వదిలేసేవాళ్లు ఉన్నారు.

ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నవాళ్లు క్యాలెండర్ ఇప్పుడే చూసుకోవాలి. యూసీడ్, సీడ్ దరఖాస్తులు సాధారణంగా అక్టోబర్ ప్రాంతంలో మొదలవుతాయి, పరీక్ష జనవరిలో ఉంటుంది. ఇంటర్ పరీక్షలు అయ్యాక చూద్దాం అనుకుంటే ఆ ఏడాది పోయినట్టే. యూసీడ్‌ను వరుసగా రెండేళ్లలో రెండుసార్లు మాత్రమే రాయనిస్తారు, వయసు పరిమితి కూడా ఉంది. ఎన్‌ఐడీ, నిఫ్ట్ నోటిఫికేషన్లు కూడా ఇంటర్ పరీక్షలకు ముందే వస్తాయి. దరఖాస్తులో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ కోటా కావాలంటే ఆ సర్టిఫికెట్ కేంద్ర ప్రభుత్వ నమూనాలో ఉండాలి. మీ కులం కేంద్ర ఓబీసీ జాబితాలో ఉందో లేదో కూడా ముందే చూసుకోవాలి, రాష్ట్ర బీసీ-ఈ జాబితాలో ఉన్నంత మాత్రాన సరిపోదు.